నూనె గుడ్డలను ఉండచుట్టి మూలన పెట్టకండి

"ఆయిల్ పెయింటింగ్ నేర్చుకునేవాళ్ళకు అయిదు రహస్యాలు" అనే మెసేజ్ ఈ వారంలో నాకు నాలుగుసార్లు వచ్చింది. మొదట మిర్యాలగూడ దోస్తు పంపాడు. నిన్న పాలమూరు నుంచి మా మేనకోడలు పంపి "మామా, ఇవి పాటించాలా?" అని అడిగింది. ఆ పిల్ల ఈ వేసవిలోనే కుంచె పట్టింది. అందుకే రాస్తున్నాను.

మొదటి రహస్యం, ఇంకొకరి బొమ్మ చూసి వేస్తే సొంత చెయ్యి చచ్చిపోతుందట. ఎవరికి చచ్చింది? డచ్ చిత్రకారుడు వాన్‌గో 1889–90లో ఆసుపత్రిలో ఉండి ఫ్రెంచ్ చిత్రకారుడు మిలే బొమ్మలను ఇరవై దాకా చూసి వేశాడు. ఆయన ముందున్నవి నలుపు తెలుపు అచ్చులే, రంగులన్నీ తను పెట్టుకున్నవే. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఇప్పటికీ అనుమతి తీసుకుని, ఈజిల్ (బొమ్మ నిలబెట్టే స్టాండు) వేసుకుని కాపీ చేస్తారు. అసలు బొమ్మ సైజులో మాత్రం వేయనివ్వరు.

నేనూ మిలే 1857లో వేసిన పరిగె ఏరే ఆడవాళ్ళ బొమ్మను కాపీ చేస్తూనే నేర్చుకున్నాను. ఇద్దరు పూర్తిగా వంగి ఉంటారు, మూడో ఆమె సగం వంగి ఉంటుంది. ఎడమవైపు ఆమె ఒక చెయ్యి నడుము వెనక్కి పెట్టుకుంటుంది. ఆ ఒక్క చెయ్యి మూడుసార్లు గీకి మళ్ళీ వేశాను. వెనక గడ్డివాములు, నిండు బండి ఎండలో ఉంటాయి. వీళ్ళ ముందు రాలిన నాలుగు వెన్నులు. వాములను ఎందుకంత దూరంగా, లేతగా పెట్టాడో నా చేత్తో వేసినప్పుడే అర్థమైంది.

చూసి వేసే బొమ్మ కొలతలు తప్పకుండా గళ్ళు గీసుకోవడం మోసమట. సినిమా కటౌట్లు వేసినవాళ్ళను అడగండి.

రంగులో కలిపే అవిసె నూనె దొరక్కపోతే పల్లినూనె కలపాలట! ఇది రాసినాయన ఎప్పుడైనా రంగు ట్యూబు మూత తీశాడా? అవిసె నూనె గాలిలో ఆక్సిజన్ పట్టుకుని గట్టిపడుతుంది. పల్లినూనె అలా గట్టిపడదు. బొమ్మ జిడ్డుగానే ఉండి దుమ్ము పట్టుకుంటుంది.

నాలుగోది చదివి నాకు భయమేసింది. "కుంచెలు తుడిచిన గుడ్డలు పారేయొద్దు, ఉండచుట్టి డబ్బాలో దాచుకోండి." అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది. పరిచిన గుడ్డలో ఆ వేడి గాలికి పోతుంది, ఉండచుడితే లోపలే పెరుగుతుంది. అగ్గిపుల్ల గీయకుండానే, కొన్ని గంటల తర్వాత, అందరూ నిద్రపోయాక అంటుకోవచ్చు. ఒకసారి నేను మరిచిపోయిన గుడ్డ ఉండను సాయంత్రం విప్పితే మధ్యలో చేతికి వెచ్చగా తగిలింది. మన నల్లగొండ మే నెల ఎండలో, రేకుల గదిలో, పక్కనే ఇట్టే అంటుకునే టర్పెంటైన్ సీసా పెట్టుకుని ఇది చేయమంటారా? పిల్లలకు పంపే మెసేజా ఇది? గుడ్డలను బయట దేనికీ ఆనకుండా ఒక్కొక్కటి పరిచి ఆరబెట్టండి. లేదంటే నీళ్ళు పోసిన ఇనుప డబ్బాలో ముంచి మూత పెట్టండి. మిగతాదంతా మరిచిపోయినా ఇది మరవకండి.

అయిదోది మాత్రం ఒప్పుకుంటున్నాను: ఫోన్ చూసి వేస్తే రంగులు రావు, మనిషిని ఎదురుగా చూడాలి. నా కాపీలో నీడలన్నీ నలుపు కలిపి వేశాను, ఫోన్‌లో అలాగే కనిపించాయి. తర్వాత యాసంగి కోతలప్పుడు సాగర్ ఆయకట్టులో, మిషన్ వదిలేసిన వెన్నులు ఏరుకుంటున్న ఒక అవ్వను చూశాను. వంగిన ఆమె ముఖం నీడలో నలుపే లేదు. కింద కొయ్యకాళ్ళ పసుపు దవడ దాకా ఎక్కి ఉంది. ఇంటికొచ్చి ఆ నల్లరంగు ట్యూబు పక్కన పెట్టి, మూడు ముఖాలూ మళ్ళీ మొదలుపెట్టాను.