నేల టికెట్టులో నవ్య కళ

సినిమా రీలును ప్రొజెక్టర్లో ఆడించడం ఇప్పుడు సృజనాత్మక కళ. విదేశాల్లో దానికి శిక్షణ శిబిరాలు కూడా నడుస్తున్నాయి. 16 ఎంఎం ప్రొజెక్టర్లు రెండు మూడు వరసగా పెట్టి, లెన్సు ముందు చేతులాడించి, ఫోకస్ చెడగొట్టి, కావాలనే ఫిల్ము కాలుస్తారు. జనం చప్పట్లు కొడతారు. మన ఊళ్లో ఇవే పనులు చేసిన ఆపరేటర్‌ని జనం ఏమన్నారో పత్రికా మర్యాద దృష్ట్యా రాయడం లేదు.

కాల్చడమే తీసుకోండి. ఒక ఫ్రేము గేటులో, అంటే ప్రొజెక్టర్ దీపం ముందు, ఉండాల్సింది సెకనులో 24వ వంతు. అంతకు మించి ఇరుక్కుందా, కార్బన్ ఆర్క్ దీపం వేడికి కథానాయిక బుగ్గ మీద గోధుమరంగు మచ్చ లేచి, పొంగి, తెరంతా తెల్లబోతుంది. విమర్శకుడు చూస్తే నాలుగు పేజీలు రాసే దృశ్యం. మనవాళ్లు ఈల వేసి ఊరుకున్నారు.

అక్కడ ఫిల్ము మీద సూదితో గీతలు గీస్తారు. మన ప్రింటు నగరాల ఎ సెంటర్ నుంచి పల్లెల సి సెంటర్‌కి చేరేలోపు గీతలు పడి ఎడారి సీన్లోనూ వాన కురిసేది. 1973లో ఆంథొనీ మెకాల్ అనే కళాకారుడు తెరను వదిలేసి ప్రొజెక్టర్ వెలుతురునే చూడమన్నాడు. అది కంటికి ఆనాలంటే గాలిలో దుమ్మో పొగో ఉండాలి. మన టూరింగ్ టాకీసుల్లో ఏ ఆటకైనా బీడీలకు కొదవుండేదా?

ఇక ఎడిటింగు. సెకండ్ షో ఆలస్యమైతే ఒక పాట ఎగిరిపోయేది. రీళ్లు తారుమారైతే చితికెక్కిన తండ్రి లేచొచ్చి కొడుకు పెళ్లి మాటలు మొదలెట్టేవాడు. కాలాన్ని ఇలా ముక్కలు చేయడం నేర్పడానికి ఇప్పుడు ఫీజు కట్టించుకుంటున్నారు.

రీలు అయిపోవస్తోందని తెర కుడి పైమూల పడే మొదటి చుక్క చూసి రెండో మెషిన్ మోటారు వేసి, సుమారు ఏడు సెకన్లకు రెండో చుక్క పడగానే అతుకు తెలియకుండా రీలు మార్చినవాడు మాత్రం కళాకారుడు కాడు. అతను చేసిన పని ఎవరి కంటా పడలేదు మరి.

డిజిటల్ వచ్చాక స్కూటర్ స్టాండులో టోకెన్లు చింపుతున్న ఆపరేటర్లను ఆ శిబిరాలకు ప్రొఫెసర్లుగా వెంటనే పంపాలని నా డిమాండు. జీతం విషయం కళాకారులతో మాట్లాడినట్టే మాట్లాడండి. పాత ఉద్యోగంలోనే ఉన్నట్టుంటుంది వాళ్లకి.