నాటి మరిచిపోతే డేలిల్లీ పూయదు

మిద్దెతోటలవాళ్ల ఫోన్లలో ఒక సందేశం తెగ తిరుగుతోంది. పైన డేలిల్లీ అనే పూలమొక్క ఫొటో, కింద ఈ హామీలు: దుంప నాటి మరిచిపోండి; నీళ్లు, ఎండ అక్కర్లేదు; ఒక్కో పువ్వు వారం నిలుస్తుంది; పువ్వులు పచ్చివే తినవచ్చు; పెంపుడు జంతువులకు హాని లేదు; నీలం పువ్వులు పూసే రకం విత్తనాలు మా దగ్గర దొరుకుతాయి. ఇంత ఉదారంగా చెప్పడం ఎందుకో ఆఖరి హామీ చూస్తే అర్థమవుతుంది.

మొదట ఆ దుంప సంగతి. డేలిల్లీకి దుంప ఉండదు. మొక్కను పెకలించి మట్టి దులిపితే ఆకుల మొదలు, దాని కింద పిల్లిపీచర గడ్డల్లా ఉబ్బిన వేళ్ల గుత్తి కనిపిస్తాయి. ఇదేదో పండితుల పట్టింపు కాదు. దుంప అనుకుని లోతుగా పాతితే మొదలు కుళ్లుతుంది. దాని మీద అంగుళం మట్టి ఉంటే చాలు.

ఆ వేళ్లలో నీరు దాచుకుంటుంది కాబట్టి కొన్నాళ్లు తడపకపోయినా బతికే ఉంటుంది. బతకడం వేరు, పూయడం వేరు. మొగ్గ మీదున్నప్పుడు నీళ్లు తగ్గితే మొగ్గలు రాలతాయి. రోజుకు ఆరు గంటల ఎండ లేకపోతే ఆకులే మిగులుతాయి. అమెరికాలో ఉన్న మనవాళ్లు రోడ్ల పక్కన ఎవరూ నాటని నారింజ డేలిల్లీలను చూసే ఉంటారు. ఆసియా నుంచి అక్కడికి చేరిన ఆ ఫుల్వా జాతి నేలలో పాకి కలుపులా అల్లుకుంటుంది. దాని మొండితనాన్ని మే నెలలో, హైదరాబాదు మిద్దె మీద, కాలిన సిమెంటు పక్కన కుండీలో ఆశిస్తే ఎలా? ఇక్కడ పొద్దుటి ఎండ, మధ్యాహ్నం కాస్త నీడ, నీరు నిలవని మట్టి కావాలి. చలికాలంలో ఆకులు పూర్తిగా ఎండి నిద్రపోయే రకాలకు గట్టి చలి అవసరం. మన దగ్గర అవి ఏటికేడు క్షీణిస్తాయి. ఏడాదంతా పచ్చగా ఉండే రకమేనా అని నర్సరీలో అడిగి కొనండి. మూడు నాలుగేళ్లకోసారి, వానలు తగ్గాక అక్టోబరు, నవంబరుల్లో పిలకలు విడదీయకపోతే గుబురు ఇరుకై పూత పడిపోతుంది.

ఇక పువ్వు ఆయుష్షు ఒక్క రోజే. కాడకు పది పదిహేను మొగ్గలు వంతులవారీగా విచ్చుకుంటాయి గనుక పూత వారాల తరబడి సాగినట్లుంటుంది.

తినే మాటలో సగం నిజముంది. చైనా వంటల్లో డేలిల్లీల్లోనే సిట్రినా అనే జాతి మొగ్గలను ఆవిరిపట్టి, ఎండబెట్టి, నానబెట్టి వండుతారు. పచ్చివి ఎక్కువగా తింటే విరేచనాలు పట్టుకుంటాయి. అసలు భయం వేరే ఉంది. మన పూలబజారులో లిల్లీ అంటే నేలసంపెంగ. గ్లోరియోసా లిల్లీ పేరుతో పెరిగే అడవినాభి కోల్చిసిన్ అనే విషం నిండిన ప్రాణాంతకమైన మొక్క. లిల్లీ తినవచ్చనే సలహా ఏ మొక్క ఉన్న ఇంటికి చేరుతుందో రాసినవారు ఆలోచించారా?

జంతువులకు హాని లేదన్నది మాత్రం క్షమించరాని అబద్ధం. డేలిల్లీ ఆకు కొరికినా, ఒంటికి అంటిన పుప్పొడి నాకినా పిల్లి మూత్రపిండాలు ఒకటి నుంచి మూడు రోజుల్లో దెబ్బతినవచ్చు. మొదట వాంతులు, తిండి మానడం. తర్వాత తేరుకున్నట్లే కనిపించి మోసం చేస్తుంది. కొరికిందని అనుమానం వస్తే చాలు, లక్షణాల కోసం ఆగకుండా పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి. కుక్కలకు ఇంత ముప్పు లేదు. పిల్లి తిరిగే ఇంట్లో ఈ మొక్క వద్దు.

చివరికి నీలం. న్యూయార్క్ బొటానికల్ గార్డెన్‌లో వృక్షశాస్త్రవేత్త ఎ.బి. స్టౌట్ ఏళ్ల తరబడి సంకరం చేస్తేగాని 1934లో ‘థెరాన్’ అనే ముదురు ఎరుపు రకం బయటికి రాలేదు. 1946లో ఏర్పడిన అమెరికన్ హెమెరోకాలిస్ (డేలిల్లీ శాస్త్రీయ నామం) సొసైటీ దగ్గర వేలకు వేల రకాలు నమోదయ్యాయి. లేత ఊదా, వంకాయ రంగు, గొంతు చుట్టూ నీలిఛాయ ఉన్నవి కూడా వచ్చాయి. నిఖార్సయిన నీలం రాలేదు. పైగా సంకర రకాల గింజలు నాటితే తల్లి మొక్క పువ్వు తిరిగి రాదు. ఆ నీలం ఫొటోను ఒకసారి పెద్దది చేసి చూడండి, పుప్పొడి కూడా నీలంగానే ఉంటుంది; అది రంగు మార్చిన ఫొటో.