మూడో కాన్పుకి రాబోయే ఆవుగారికి

మహాలక్ష్మీ సమానురాలైన ఆవుగారికి,

ఇద్దరు పిల్లల తల్లి, ప్రైవేటు కంపెనీ అకౌంటెంటు నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మీరు కొట్టంలో క్షేమమని తలుస్తాను.

2025 మహిళా దినోత్సవానికి విజయనగరం ఎంపీ కలిశెట్టి అప్పలనాయుడు గారు మూడో బిడ్డ ఆడపిల్లయితే 50,000 రూపాయలు, మగపిల్లాడైతే ఆవు ఇస్తానన్నారు. అప్పట్నుంచీ మీతో ఓ మాట చెప్పాలనుకుంటున్నాను. తన జీతంలోంచే ఇస్తానన్నారు కాబట్టి ఆయన్నేమీ అనను. ‘ఇద్దరు ముద్దు, ఆపై వద్దు’ అని గోడలకు రాయించి, ముగ్గురుంటే పంచాయతీ ఎన్నికల్లో నిలబడొద్దన్న రాష్ట్రమే 2024లో ఆ నిబంధన ఎత్తేసింది. ఆంధ్రలో సగటున స్త్రీకి 1.7 మంది పిల్లలేనని 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. ఆ లోటు పూడ్చే పని ఇప్పుడు మీకూ నాకూ పడింది.

మీకేం, సంతలో మీ దర్జాయే వేరు. బేరగాడు పొదుగు తడిమి ‘ఎన్నో ఈత?’ అంటాడు. ‘మూడోది’ అనగానే వాడి మొహం వెలిగిపోతుంది. మూడు, నాలుగు ఈతలకే కదా పాలు బాగా దిగేది! నన్నూ అదే అడుగుతారు ఇంటర్వ్యూలో, కాస్త నాజూగ్గా: ‘ఇంకా ప్లానింగ్ ఏమైనా ఉందా మేడమ్?’ ఉందంటే ‘కబురు చేస్తాం’ అంటారు. ఈనడానికి రెండు నెలల ముందే మీకు పాలు తీయడం ఆపేస్తారు. నేను తొమ్మిదో నెలలో మార్చి లెక్కలు ముగించాను. తిరిగొచ్చేసరికి నా సీట్లో ఇంకో అబ్బాయి, ప్రమోషన్‌తో సహా కూర్చుని ఉన్నాడు.

మా వారికీ ఇద్దరు పిల్లలే. ఆయన జీతం మాత్రం రెండుసార్లు పెరిగింది, బాధ్యతలు పెరిగాయి కదా అని.

ఇది మా ఇంటి గోల ఒక్కటే కాదు. మొదటి ఇద్దరూ ఆడపిల్లలే, లేదా ఇద్దరూ మగపిల్లలే అయితే మూడో బిడ్డ కోసం చూస్తారన్న సంగతి పట్టుకుని, ఆంగ్రిస్ట్, ఎవాన్స్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు అమెరికా జనగణన లెక్కలు తిరగేశారు. ఆ మూడో బిడ్డ వల్ల తల్లుల ఉద్యోగాలూ పనిగంటలూ తగ్గాయని 1998లో తేల్చారు. తండ్రుల పనిలో చెప్పుకోదగ్గ తేడా లేదు. (ఎవరింట మూడోసారి చూస్తారో తెలుసుకోవడానికి మనకు జనగణన అక్కర్లేదు. అత్తగారు చాలు.)

చట్టం లేదా అంటారేమో. ఉంది. మొదటి ఇద్దరికీ 26 వారాల సెలవు, మూడో బిడ్డకు 12. మూడోవాడు మూడు నెలలకే లేచి ‘నువ్వు ఆఫీసుకెళ్లమ్మా, నేను చూసుకుంటా’ అంటాడని కాబోలు. ప్రభుత్వోద్యోగులకు ఎన్నో కాన్పయినా సెలవిస్తామని మన సర్కారు అంది, సంతోషం. ప్రైవేటులో ఈఎస్ఐ (ఉద్యోగుల బీమా) లేని జీతాలకు ఆ సెలవు డబ్బంతా యజమానే కట్టాలి, అందుకే కొత్తగా పెళ్లైన పిల్ల రెజ్యూమే చూస్తే వాళ్లకు జ్వరమొస్తుంది. నాట్లకెళ్లేవాళ్లకు ఆ 12 వారాలూ లేవు, మానేసిన రోజు కూలి పోయినట్టే.

50 మంది పనిచేసే చోట పిల్లల గది ఉండాలట. మా ఆఫీసులోనూ ఉంది. తలుపు మీద మిక్కీమౌస్ బొమ్మ, లోపల పాడైపోయిన ప్రింటర్లు, పోయిన దీపావళి స్వీట్ల ఖాళీ డబ్బాలు. తాళంచెవి హెచ్ఆర్ దగ్గర, హెచ్ఆర్ ఎప్పుడూ మీటింగులో.

అసలు సంగతికొస్తాను. మీరొస్తే గడ్డి ఎవరు వేస్తారు? పేడ ఎవరెత్తుతారు? 2019 టైమ్ యూజ్ సర్వే ప్రకారం దేశంలో ఇంటిపని చేసే ఆడవాళ్లు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు పెడుతున్నారు, చేసే మగవాళ్లు 97. ఆ 97లో పేడ చేర్చడం కుదరదని మా వారు ముందే తేల్చేశారు. అంటే మూడో బిడ్డతో పాటు నాకు నాలుగో బిడ్డగా మీరు దిగుతారన్నమాట, అదీ నాలుగు కాళ్లతో.

కాబట్టి తమరు దయచేయొద్దని మనవి. మీ బదులు ఆ గది తాళంచెవి ఇప్పించమని పెద్దలతో చెప్పగలరు.

ఇట్లు,
రెండో ఈతకే ధర పడిపోయిన ఓ అకౌంటెంటు

తా.క.: తప్పదంటే ముందుగా కబురు చేయండి. మాది నాలుగో అంతస్తు, లిఫ్టులో ఆరుగురికే అనుమతి. మీరు ఎంతమంది కింద లెక్కో వాచ్‌మన్‌ని కనుక్కోవాలి.