సీటు లేని కుర్చీ గారికి

మహారాజశ్రీ కెనడా పియానో విద్వాంసులు గ్లెన్ గౌల్డ్ గారి మడత కుర్చీ గారికి, హైదరాబాదు నుంచి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి.

మీరు ఒట్టావాలో గాజు పెట్టెలో క్షేమంగా ఉన్నారని విన్నాను. సీటు ఊడిపోయాక కూడా ఇంత మర్యాద దక్కిన కుర్చీ మా వైపు ఒక్కటీ లేదు. ఇక్కడ సీటు పోయిన రోజే గుమ్మం ముందు చెప్పులు తగ్గిపోతాయి. (మడత కుర్చీ అనగానే మా తెలుగువాళ్ళు ముసిముసిగా నవ్వుతారు. ఎందుకో అడక్కండి, మీ వయసుకి తగదు.)

సంగతేమిటంటే, మా ఇంట్లో గొడవకి మీరే కారణం. మా అమ్మాయి కీబోర్డు నేర్చుకుంటోంది. నెలనెలా నేను కట్టే ఫీజుకి మాస్టారు చెప్పే మాట ఒక్కటే: "వీపు నిటారుగా పెట్టమ్మా." మొన్న యూట్యూబులో అది మీ గౌల్డుని చూసింది. అంతే. స్టూలు పక్కకి నెట్టేసి, వంటింట్లోంచి మా అమ్మ కూర్చునే పీట తెచ్చుకుంది. గూని పెట్టుకుని, చేతులు పైకి చాచి, అటక మీది ఆవకాయ జాడీ అందుకుంటున్నట్టు వాయిస్తోంది. దిగమంటే, "గౌల్డ్ దిగాడా?" అంటోంది.

మీ పుట్టుపూర్వోత్తరాలు అప్పుడు తెలుసుకున్నాను. మీరు పేకాట బల్ల దగ్గర వేసుకునే మామూలు మడత కుర్చీ. 1953లో, టొరంటోలో బొచ్చుకోట్ల వ్యాపారం చేసే గ్లెన్ తండ్రి బెర్ట్ గౌల్డ్ గారు మీ కాళ్ళు నాలుగేసి అంగుళాలు కోసి, కాలి కాలికీ ఇత్తడి పట్టీ, ఎత్తు సరిచేసుకునే మర బిగించారు. సంగీతం నేర్చుకుంటానంటే మా నాన్నలు కొడుకు కాళ్ళు విరగ్గొడతామనేవారు. ఆయన కుర్చీ కాళ్ళతో సరిపెట్టారు. మామూలు పియానో బెంచీ 20 అంగుళాలకి అటూ ఇటూ ఉంటుంది. మీరు 14. అదీ చాలక, కొన్నాళ్ళు పియానో కాళ్ళ కిందే చెక్క దిమ్మలు పెట్టించాడు ఆ మహానుభావుడు, మంచం కింద ఇటుకలు పెట్టినట్టు.

తప్పంతా మీదే అనను. చిలీ నుంచి వచ్చిన గురువు అల్బెర్టో గెరేరో నేర్పిన పద్ధతే అది. కిందకి కూర్చుంటే భుజం బరువు కీస్ మీద పడదు, పనంతా వేళ్ళే చేయాలి. అందుకే జర్మన్ స్వరకర్త బాక్ సంగీతంలో నాలుగు గొంతులు, అంటే నాలుగు స్వరాల వరసలు, ఒకేసారి నడుస్తున్నా ఏ గొంతుకి ఆ గొంతు విడిగా వినిపిస్తుంది. దబదబా బాదాల్సిన స్వరాలకి మాత్రం ఆ కూర్చోవడం పనికిరాదు. ఇది మా అమ్మాయికి చెప్పాను. "నేను దబదబా బాదనుగా" అంది. అక్కడికి నా దగ్గరున్న సంగీత శాస్త్రం అయిపోయింది.

1955 జూన్‌లో న్యూయార్క్ స్టూడియోకి ఆయన ఎండాకాలంలో ఓవర్‌కోటు, మఫ్లరు, చేతి తొడుగులు, మందుబిళ్ళలు, తువ్వాళ్ళతో సహా మిమ్మల్ని వెంటబెట్టుకుని వెళ్ళాడు. బాక్ రాసిన గోల్డ్‌బర్గ్ వేరియేషన్స్ రికార్డు అయింది, పేరు మారుమోగింది. ఆయన వాయిస్తూ కూనిరాగాలు తీసేవాడు, కింద నుంచి మీరు కిర్రు కిర్రు. మా కచేరీల్లో అయితే అట్ట మీద "పక్కవాద్యం: కుర్చీ" అని వేసి, శాలువా కప్పేవాళ్ళం.

ఒక్క విషయం నాకు మింగుడు పడదు. 1959లో పియానోలు చేసే స్టైన్‌వే కంపెనీ ఉద్యోగి ఒకాయన చనువుగా గౌల్డ్ వీపు మీద తట్టాడు. భుజం దెబ్బతిందని గౌల్డ్ 3 లక్షల డాలర్లకి దావా వేశాడు. చివరికి 9,372 డాలర్ల 35 సెంట్లకి రాజీ పడ్డారు. ఒక్క తట్టుకి అంత! మీరేమో మెత్త పోయి, సీటు పోయి, అడ్డకర్ర ఒక్కటి మిగిలి, ఏళ్ళ తరబడి కింద నుంచి ఒత్తుతూనే ఉన్నారు. మీకు కనీసం ఒక నోటీసు కూడా రాలేదు. ఏ లాయరుని పెట్టుకున్నారండీ?

1962 ఏప్రిల్ 6న ఆర్కెస్ట్రా నడిపించే బెర్న్‌స్టీన్ అంతటివాడు, పియానో, ఆర్కెస్ట్రా కలిసి వాయించే బ్రామ్స్ కాన్సర్టోకి ముందు వేదికెక్కి, ఈ వాయించే తీరుతో నాకు ఏకీభావం లేదని జనానికి చెప్పుకున్నాడు. బాసు ఎవరు, వాయించేవాడా, వాయింపించేవాడా అని అడిగాడు. మీరు కింద కూర్చుని నవ్వుకునే ఉంటారు. 1964 ఏప్రిల్ 10న లాస్ ఏంజెలెస్‌లో చివరి కచేరీ. గౌల్డుకి 31 ఏళ్ళు, లెక్కకి 200 కచేరీలు కూడా కాలేదు, పేరు పీక్‌లో ఉంది. వేదిక వదిలేశాడు. మిమ్మల్ని వదల్లేదు. మావాళ్ళు వేదిక కోసం కుర్చీ పట్టుకుని వేలాడతారు, ఆయన కుర్చీ ఉంచుకుని వేదిక పారేశాడు. ఆయనకి ఎంతో ఇష్టమైన, సీడీ 318 అనే స్టైన్‌వే పియానో 1971లో రవాణాలో పడి, లోపలి ఇనుప చట్రం పగిలింది. కొన్నేళ్ళు బాగుచేయించి చూసి చివరికి యమహా పియానో కొన్నాడు. 1981లో అవే గోల్డ్‌బర్గ్ వేరియేషన్స్ మళ్ళీ రికార్డు చేశాడు. మొదటిసారి 38 నిమిషాలు పట్టింది, ఈసారి 51. పియానో మారింది, వేగం మారింది, కిర్రు మాత్రం మీదే. 1982 అక్టోబరులో పోయేదాకా మీరే.

ఆయన వాయించిన బాక్ ముక్క ఒకటి 1977లో వాయేజర్ అంతరిక్ష నౌకలెక్కి వెళ్ళిపోయింది. మీ నకళ్ళు కూడా చేసి అమ్ముతున్నారట. ఈ మాట మా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

ఈ ఉత్తరం అందగానే మా అమ్మాయికి నాలుగు ముక్కలు రాయండి. పీట లేక మా అమ్మ చాప మీద కూర్చుని బెండకాయలు తరుగుతోంది, లేచేటప్పుడు నా చెయ్యి పట్టుకోవాల్సి వస్తోంది. అదలా ఉంచండి. నిన్న రాత్రి మంచినీళ్ళకి లేచి చూస్తే హాల్లో లైటు వెలుగుతోంది. మా అమ్మాయి నేల మీద బోర్లా పడుకుని, టేపుతో మా టేకు డైనింగు కుర్చీ కాళ్ళు కొలుస్తోంది. పద్దెనిమిది అంగుళాలు. పెన్సిలుతో నాలుగు అంగుళాల దగ్గర గీత కూడా పెట్టేసింది.

ఇట్లు,
రంపం దాచేసిన తండ్రి