మొక్కలు నాటింది చాలు, మీటరు లెక్క చెప్పండి

ఏటా జూన్ 5న, ప్రపంచ పర్యావరణ దినోత్సవం పేరిట విశ్వవిద్యాలయాల్లో జరిగే మొక్కలు నాటే తంతు పాఠకులకు కొత్త కాదు. 1990లో ఫ్రాన్స్‌లోని టాల్వార్‌లో సమావేశమైన విశ్వవిద్యాలయాధిపతులు పది అంశాల సుస్థిరతా ప్రకటన వెలువరించిన నాటి నుంచి సంకల్ప పత్రాలకూ లోటు లేదు. ఏ భవనం ఎంత కరెంటు తాగుతోందో చెప్పే కాగితానికే కరవు. ప్రాంగణం మారాలని నిజంగా కోరుకునే విద్యార్థులు, సిబ్బంది ముందుగా అడగవలసింది ఆ కాగితాన్నే.

పరిశోధనలు సాగే ప్రాంగణంలో విద్యుత్తును విపరీతంగా మింగేది వసతిగృహంలోని దీపం కాదు, ప్రయోగశాల. రసాయన ఆవిర్లను బయటికి పంపే ఫ్యూమ్ హుడ్, వాటితోపాటు గదిలోని గాలిని కూడా, దాన్ని చల్లబరచడానికో వేడిచేయడానికో వెచ్చించిన శక్తితో సహా, ఆరుబయట పారబోస్తుంది. రోజంతా నడిచే ఒక్క హుడ్ మూడు ఇళ్ల వాడకాన్ని మించిన శక్తిని ఖర్చు చేస్తుందని అమెరికా పరిశోధకుల అంచనా. పని లేనప్పుడు దాని గాజు తలుపు దించేలా హార్వర్డ్‌లో ప్రయోగశాలల మధ్య పోటీలే పెట్టారు. అయితే తలుపు దించగానే గాలి ప్రవాహం తగ్గే రకం హుడ్లలోనే ఈ ఆదా దక్కుతుంది. పాత రకంలో తలుపు ఎక్కడున్నా ఫ్యాను అదే జోరుతో తిరుగుతుంది. ఏ గదిలో ఏ రకం ఉందో ప్రయోగశాల సహాయకులకు కంఠతా వచ్చు, కానీ హరిత కమిటీలో వారికి కుర్చీ వేసేవారు అరుదు. నమూనాలు దాచే ఫ్రీజర్లను మైనస్ 80 డిగ్రీలకు బదులు మైనస్ 70 వద్ద నడిపితే దాదాపు 30 శాతం విద్యుత్తు మిగులుతుంది, చాలా రకాల నమూనాలకు హానీ జరగదు. ఇందుకు పాలకమండలి తీర్మానం అక్కర్లేదు. అందులో ఎవరి నమూనాలున్నాయో వారంతా ఒకచోట కూర్చుని ఒప్పుకుంటే చాలు. పనిలో పనిగా, ఎప్పుడో పట్టా పుచ్చుకుని వెళ్లిపోయినవారి సీసాలను తీసేస్తే ఒకటీ అరా ఫ్రీజర్లను ఆపేయవచ్చు కూడా.

టైంటేబుల్ సంగతీ అంతే. సాయంత్రం మూడు తరగతులను మూడు భవనాల్లో పెడితే మూడింటి ఏసీలూ నడవాలి. ఒకే చోట పెడితే ఒక్క భవనంతో సరిపోతుంది.

అలవాట్లు మార్చుకుంటే ఒరిగేదేమీ లేదని, పాత భవనాల మరమ్మతుకు, సౌరఫలకాలకు నిధులు రావాలని కొందరి వాదన. నిధులు కావలసిందే. కానీ ఏ భవనం ఎంత వృథా చేస్తోందో తెలియకుండా ఆ సొమ్మును ఎక్కడ పెడతారు?

అసలు జబ్బు వేరే ఉంది. వాడే విభాగం బిల్లు కట్టదు, కట్టే కార్యాలయానికి వాడకం కనబడదు. ప్రభుత్వాలనూ పరిశ్రమలనూ కొలిచి, తూచి, తప్పులెంచే విశ్వవిద్యాలయం తన ఖాతా పుస్తకాన్ని సొంత విద్యార్థులకే చూపదు. ఇది పర్యావరణ లోపం కన్నా ముందు పాలనా లోపం; లెక్క దాచే అలవాటున్న సంస్థ కరెంటు బిల్లుతో మొదలుపెట్టి ఫీజుల దాకా, నియామకాల దాకా అన్నింటినీ దాస్తుంది. అందుకే నేను దీన్ని పచ్చదనం సమస్యగా చూడడం లేదు. గణాంకశాస్త్ర విద్యార్థికి మీటరు రీడింగులను, వాణిజ్యశాస్త్ర విద్యార్థికి కొనుగోలు ఒప్పందాలను ప్రాజెక్టుగా అప్పగిస్తే, బయటి సలహాదారుకు పోసే డబ్బు మిగలడమే కాదు, యాజమాన్యం ఇష్టానుసారం దాచలేని లెక్క ఒకటి తయారవుతుంది.

భవనాలవారీగా కరెంటు, నీరు, చెత్త లెక్కలను నెలనెలా నోటీసు బోర్డు మీద పెట్టాలన్నది విద్యార్థి సంఘాలూ ఉద్యోగ సంఘాలూ కలిసి చేయవలసిన మొదటి డిమాండు. విడి మీటరు లేని భవనాలకు దాన్ని బిగించడానికి గడువు తేదీ రాయించుకోవడం రెండోది, ఆ కాగితం మీద రిజిస్ట్రారు సంతకం ఉండాలి.