నడుముకు స్క్రూలా? ఎందుకో చెప్పించుకోండి

నెల్లూరు, తిరుపతి, ఒంగోలు వైపు నుంచి వచ్చి చెన్నై సెంట్రల్‌లో దిగి, చంకలో ఎమ్మారై కవరు పెట్టుకుని పెద్దాసుపత్రి ఉన్న గ్రీమ్స్ రోడ్డుకు ఆటో మాట్లాడుకునేవాళ్లలో నడుం నొప్పివాళ్లు తక్కువేం కాదు. సాయంత్రానికి లాడ్జి గదిలోంచి ఇంటికి ఫోన్ వెళ్తుంది, "రెండు పూసలు కలిపి స్క్రూలు వేస్తారంట, ఎల్లుండే అంట" అని. ఎంతవుతుందో అడుగుతారు, ఆరోగ్య కార్డు చెల్లుతుందా అడుగుతారు, ఎన్నాళ్లు ఉండాలో అడుగుతారు. ఎందుకు వేస్తున్నారన్న ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి మాత్రం "నరం నొక్కుకుపోయిందంట" అన్న ఒక్క ముక్కతో సరిపెట్టేసుకుంటారు. మా పేచీ అక్కడే. నరం నొక్కుకుపోతే దానికి చోటు చేయాలి, నిజమే. పూసల్ని కలిపేయడం ఇంకో పని. దానికి విడిగా కారణం ఉండాలి, ఆ కారణం పేషెంటుకు తెలియాలి.

స్పైనల్ ఫ్యూజన్ అంటే రెండు పూసల మధ్య కదలికను శాశ్వతంగా ఆపేయడం. సాధారణంగా పూసల మధ్య మెత్తటి దిండులా ఉండే డిస్కును తీసి ఆ చోట కేజ్ అనే చిన్న దిమ్మె పెడతారు, ఎముక ముక్కలు నింపుతారు, పూసకు రెండు చొప్పున నాలుగు స్క్రూలు బిగించి రెండు రాడ్లతో కలుపుతారు. ఒక లెవల్, అంటే కలిపే వరుసలో ఇంకో పూస, పెరిగితే మరో రెండు స్క్రూలు. చాలామంది అనుకునేట్టు పూసల్ని అతికేది స్క్రూలు కాదు, ఎముకే. ఎముక పట్టేదాకా కదలకుండా ఉంచడమే స్క్రూల పని, అది పట్టడానికి నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏడాది. సిగరెట్ తాగేవాళ్లలో అసలు పట్టకపోవచ్చు కూడా. షుగర్ అదుపులో లేకపోతే ఇన్‌ఫెక్షన్ భయం. పైగా కలిపేసిన పూసల భారం పక్క పూసల మీద పడి, కొందరికి కొన్నేళ్లకు అక్కడా నొప్పి మొదలై మళ్లీ టేబుల్ ఎక్కాల్సి వస్తుంది.

ఈ ఆపరేషన్ 1911లో న్యూయార్క్‌లో హిబ్స్, ఆల్బీ అనే ఇద్దరు డాక్టర్ల చేతుల్లో మొదలైంది, క్షయ పట్టి కూలిపోతున్న వెన్నును నిలబెట్టడానికి. అదే వెన్ను క్షయ మీద మన చెన్నైలో క్షయ పరిశోధన కేంద్రం చేసిన పని ఇక్కడివాళ్లకే పెద్దగా తెలియదు. పదేళ్లపాటు పేషెంట్లను గమనించి 1999లో ఫలితాలు అచ్చువేశారు. పెద్ద ఆపరేషన్ చేసి 6 నెలలు మందులిచ్చినవారిలో 90 శాతం బాగుంటే, ఆపరేషన్ లేకుండా తిరుగుతూనే 6 నెలలు మందులు మింగినవారిలో 94 శాతం, 9 నెలలు మింగినవారిలో 99 శాతం బాగున్నారు. మొదట్లోనే గూని ఎక్కువగా ఉన్న చిన్నపిల్లలకు మాత్రం మందులొక్కటే చాలలేదు. అంటే ఆపరేషన్ ఎవరికి కావాలో తేల్చడమే అసలు వైద్యం అని ఈ ఊరే ఎప్పుడో రుజువు చేసింది.

అమెరికాలో 2004లో నడుముకు ముందుగా తేదీ వేసుకుని చేయించుకున్న ఫ్యూజన్లు సుమారు 1.22 లక్షలు, 2015కు 1.99 లక్షలు, ఆ ఒక్క ఏడాది ఆసుపత్రుల ఖర్చు వెయ్యి కోట్ల డాలర్లు దాటింది. ఇదంతా దోపిడీ అనం, ముసలివాళ్లు పెరిగారు, పూస జారిన కేసులకు చేయడం బాగా పెరిగింది. కానీ 2016లో స్వీడన్ డాక్టర్లు నరాల దారి ఇరుకైన పేషెంట్లను రెండు జట్లు చేసి, కొందరికి దారి వెడల్పు మాత్రమే చేసి, మిగతావారికి ఫ్యూజన్ కూడా కలిపి చూస్తే, రెండేళ్ల తర్వాత స్క్రూలు పడ్డవాళ్లు అదనంగా బావుకున్నది కనిపించలేదు. పూస జారినవారి మీద 2021లో నార్వే ట్రయల్ కూడా దాదాపు ఇదే చెప్పింది. అదే 2016లో అమెరికా ట్రయల్ ఒకటి ఫ్యూజన్‌కు కాస్త మొగ్గింది కాబట్టి వాదన ముగిసిపోలేదు. ఉత్త నడుం నొప్పికి మాత్రం, పరిశోధనలో భాగంగా తప్ప, ఫ్యూజన్ చేయొద్దని బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రాసే నైస్ సంస్థ 2016లోనే రాసింది. మన దగ్గర ప్రతి ఆసుపత్రీ తప్పనిసరిగా లెక్క చెప్పాల్సిన జాతీయ రిజిస్ట్రీయే, అంటే ఈ ఆపరేషన్ల వివరాలు నమోదయ్యే పట్టికే లేదు.

ఎమ్మారై రిపోర్టు చూసి బెంబేలెత్తకండి. "ఎల్4-ఎల్5 డిస్క్ బల్జ్" (నడుములో నాలుగు, ఐదో పూసల మధ్య డిస్కు ఉబ్బింది) అన్న లైను చదవగానే సగం ప్రాణం పోతుంది మనవాళ్లకి. నొప్పే లేని 50 ఏళ్లవాళ్లకు స్కాన్ తీసినా 80 శాతం మందిలో డిస్కు అరుగుదల, 60 శాతం మందిలో ఉబ్బు కనిపిస్తాయని 2015లో వచ్చిన సమీక్ష చెప్పింది. ఇంకో సంగతి, ఎమ్మారై పడుకోబెట్టి తీస్తారు. పూస నిలకడగా ఉందా, కదులుతోందా అన్నది నిలబెట్టి, ముందుకు వంచి, వెనక్కి వంచి తీసే మామూలు ఎక్స్‌రేలో తెలుస్తుంది. నిలకడ లేదు కాబట్టి స్క్రూలు అంటున్నారా? ఆ ఎక్స్‌రే చూపించమనండి. నరానికి చోటు చేసి వదిలేస్తే సరిపోదా, ఎన్ని లెవల్స్, ఎందుకన్ని అని అడగండి. ఒళ్లు మండే డాక్టరు ఉంటే ఉండనీండి. పెళ్లి చీర కోసం టీ నగర్‌లో నాలుగు షాపులు ఎక్కి దిగే మనం, వెన్నులో జీవితాంతం ఉండే లోహానికి ఒక్క కన్సల్టేషన్‌తో తలూపడం ఏం న్యాయం? సెంట్రల్‌కు ఎదురుగానే ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి ఉంది, అక్కడ ఎముకల విభాగమూ ఉంది, న్యూరోసర్జరీ కూడా ఉంది. రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నిబంధనలే చెబుతున్నాయి.

అయితే ఆగకూడని సందర్భాలున్నాయి. మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా, తొడల మధ్య స్పర్శ పోయినా, పాదం పైకి లేవకపోయినా అదే రోజు పెద్దాసుపత్రికి పరిగెత్తాలి. చెయ్యి విరిగితే పుత్తూరు కట్టు మన అలవాటు, ఈ లక్షణాలతో మాత్రం పుత్తూరు బండి ఎక్కకండి. విరిగి నిలకడ తప్పిన పూసకూ, గడ్డలకూ, బాగా వంకర తిరిగిన వెన్నుకూ ఫ్యూజన్ నిజంగా నిలబెట్టే ఆపరేషన్. వాళ్లని భయపెట్టడం మా ఉద్దేశం కాదు.

ఇక డబ్బు. గుండె స్టెంట్లకు 2017 ఫిబ్రవరిలో, మోకాలి ఇంప్లాంట్లకు అదే ఏడాది ఆగస్టులో కేంద్రం గరిష్ఠ ధర కట్టింది. వెన్ను స్క్రూలకూ రాడ్లకూ కేజ్‌లకూ అలాంటి కట్టడి ఎందుకు ఉండకూడదు? ఎస్టిమేట్ కాగితం మీద "ఇంప్లాంట్స్: యాక్చువల్స్" (లోపల పెట్టే సామానుకు ఎంతైతే అంత) అని రాసిస్తే ఆ యాక్చువల్స్ ఎంతో డిశ్చార్జి రోజున గానీ తెలియదు. ధర కట్టేలోగా కనీసం ఒక పని చేయొచ్చు. ప్రతి ఇంప్లాంట్ ప్యాకెట్ మీద కంపెనీ పేరు, బ్యాచ్ నంబరు ఉన్న స్టిక్కర్ ఉంటుంది, దాన్ని కేస్ షీట్‌లో అతికిస్తారు. వాటి కాపీలు, స్క్రూ ఒక్కింటికి ధర, ఫ్యూజన్ ఎందుకు చేశారో రెండు వాక్యాలు బిల్లుతోపాటు ఇవ్వాలని తమిళనాడు ప్రభుత్వం ఆదేశించాలి. తమ పేషెంట్ల బిల్లు కట్టే ఆంధ్ర ప్రభుత్వమైతే ఈ కాగితాలు లేనిదే క్లెయిము చెల్లించేది లేదని రేపే చెప్పొచ్చు.