లెన్సు రేటు కాదు, మొత్తం బిల్లు అడగండి

ప్రైవేటులో కంటి లెన్సు ఆపరేషన్ ఖర్చంతా లెన్సు రకాన్ని బట్టే ఉంటుందన్నట్టు ఒక వ్యాసంలో రాశారు. అది సగమే నిజం. మా అమ్మ శుక్లం ఆపరేషన్‌కి కౌంటర్లో రాసిచ్చిన అంకె చూసి పర్వాలేదనుకున్నాం. తీరా చూస్తే అది ఒక్క కంటికి! కొలతల స్కాన్లు, చుక్కల మందు, తర్వాతి చెకప్పులు అన్నీ వేరే.

దూరం, దగ్గర రెండూ కనబడేలా చేసే మల్టీఫోకల్ లెన్సు వేయించుకోమని తెగ చెప్పారు. దానితో కళ్ళద్దాల అవసరం తగ్గే మాట నిజమే కానీ, రాత్రిపూట ఎదురొచ్చే బండి లైట్ల చుట్టూ కొందరికి వలయాలు కనిపిస్తాయి. రెటీనా జబ్బు ఉన్నవాళ్ళకైతే చాలాసార్లు డాక్టర్లే వద్దంటారు. అమ్మ ఒకటే అంది: "నలభై ఏళ్ళుగా పెట్టుకుంటున్నా, చదువుకునేటప్పుడు అద్దాలు నాకు బరువా?" ఒకే దూరానికి చూపు సరిచేసే మామూలు మోనోఫోకల్ లెన్సు వేయించాం. దూరం చూపు శుభ్రంగా ఉంది.

రెండేళ్ళకు ఆ కన్ను మళ్ళీ మసకబారింది. శుక్లం తిరిగొచ్చిందని ఒకటే టెన్షన్. అది తిరిగి రాదట. లెన్సు వెనక ఉండే పొర మబ్బుపట్టిందన్నారు, యాగ్ లేజర్‌తో కొన్ని నిమిషాల్లో సరిచేశారు. దానికీ మళ్ళీ బిల్లు!

అన్నట్టు, మైనస్ పవర్ ఎక్కువున్న కుర్రవాళ్ళకు కంటి లోపల అదనంగా పెట్టే ఐసీఎల్ అనే లెన్సు వేరే సంగతి. అందులో సహజ లెన్సు అలాగే ఉంటుంది కాబట్టి, పెద్దయ్యాక శుక్లం వస్తే ఆ ఐసీఎల్‌ను తీసేసి శుక్లానికి ఇంకో ఆపరేషన్ చేయించుకోవాల్సిందే. ఆ ఖర్చు ఆ వ్యాసంలో ఎక్కడా కనబడలేదు.